పేరు లేని పాత సాక్సఫోన్ మౌత్‌పీస్‌లు: ఏది ఎవరిదో గుర్తుపట్టడం ఎలా?

కడప_ఆల్టో
అందరికీ నమస్తే. మా పెద్దనాన్న ప్రొద్దుటూరు, మైదుకూరు వైపు పెళ్లి బ్యాండ్లలో చాలా ఏళ్లు సాక్సు వాయించారు. ఆయన పెట్టె ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. ఆయన సాక్సు ఎప్పుడో అమ్మేశారు, నాకు వేరే ఆల్టో సాక్సు ఉంది. ఆయన మౌత్‌పీస్‌లు, అంటే నోట్లో పెట్టుకుని ఊదే భాగాలు, మాత్రం ఒక గుడ్డ సంచిలో ఉండిపోయాయి. మొత్తం ఐదు. దేని మీదా పేరు కనిపించడం లేదు.

ఒకటి పూర్తిగా ఆకుపచ్చ గోధుమ రంగుకు తిరిగింది, పొట్ట లావుగా ఉంది. ఇంకొకటి నల్లగా నున్నగా ఉంది, లోపల కంత గుర్రపు నాడాలా ఉంది. ఒకటి లోహంది, అద్దంలా మెరుస్తోంది. ఒకటి తెల్లది. ఐదోది పొడుగ్గా ఉండి, కింది చివర కార్క్ చుట్టి ఉంది. ఫోటోలు పెట్టాను చూడండి.

ఒకాయన ఫోటోలు చూసి ఐదూ కలిపి తీసుకుంటానని రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఏవి ఏమిటో తెలియకుండా ఇచ్చేయాలంటే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

నంద్యాల_బ్యాండు
ఆకుపచ్చది చూసి భయపడొద్దు తమ్ముడూ. నీళ్ల ఎమరీ పేపర్ వెయ్యి నంబరుది తెచ్చి రుద్దితే మళ్లీ నల్లగా వస్తుంది. వేడి నీళ్లలో సర్ఫ్ వేసి నానబెడితే వాసన కూడా పోతుంది. మా సెట్‌లో అందరం అట్లనే చేస్తాం.

కర్నూలు_రిపేరు
తమ్ముడూ, పైన చెప్పిన రెండు పనులూ చేయొద్దు. నంద్యాల అన్న మనసులో మంచే ఉంది, కానీ గుర్తుపట్టాల్సిన వస్తువు మీద ఎమరీ పేపర్ పెడితే గుర్తులన్నీ పోతాయి. అరిగిపోయిన అక్షరాల లోతు వెంట్రుక మందం కూడా ఉండదు. ఒక్కసారి రుద్దితే చాలు, ఇంకెవరూ చదవలేరు. టేబుల్ మీద, అంటే రీడ్ (ఊదితే కంపించే సన్నని పుల్ల) ఆనుకునే చదును భాగం మీద, ఎమరీ తగిలితే వాయింపు కూడా పాడవుతుంది. వేడి నీళ్లు పోస్తే రంగు ఇంకా ఘోరంగా మారుతుంది, టేబుల్ వంగిపోయే ప్రమాదం కూడా ఉంది.

ప్రస్తుతానికి చల్లటి నీళ్లు, గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తటి గుడ్డ చాలు. లోపల తెల్లగా గార కట్టి ఉంటే దూదికి కాస్త వెనిగర్ అద్ది ఆ చోట మాత్రమే ఒత్తు, వెంటనే కడిగెయ్. అంతకు మించి ఏమీ వద్దు.

తర్వాత కొలతలు కావాలి. నా బల్ల మీదికి ఏ మౌత్‌పీస్ వచ్చినా నేను పేరు కోసం ముందు వెతకను. ఏ వాయిద్యానిది, దేనితో చేసింది, లోపల ఎలా తొలిచారు, ఎవరైనా తర్వాత సవరించారా, ఈ నాలుగూ తేలాక పేరు తనంతట తాను బయటపడితే సరే. పడకపోయినా ఆ నాలుగు సంగతులతోనే దాని విలువ సగానికి పైగా తెలిసిపోతుంది.

అనంతపురం_కెమిస్ట్రీ
నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, మా అబ్బాయి సాక్సు నేర్చుకుంటున్నాడు కాబట్టి ఈ వేదికలోకి వచ్చాను. ఆ ఆకుపచ్చ రంగు గురించి చెబుతాను.

పాత నల్ల మౌత్‌పీస్‌లలో ఎక్కువ భాగం ఎబొనైట్. సహజ రబ్బరులో గంధకం బాగా ఎక్కువ పాళ్లలో, సుమారు మూడో వంతు దాకా, కలిపి చాలాసేపు వేడి చేస్తే రాయిలా గట్టిపడుతుంది. రబ్బరుకు గంధకం కలిపి వేడి చేసే పద్ధతికి చార్లెస్ గుడ్‌ఇయర్ అమెరికాలో 1844లో పేటెంట్ తీసుకున్నారు. అడాల్ఫ్ సాక్స్ తన వాయిద్యానికి పారిస్‌లో పేటెంట్ తీసుకున్నది 1846లో. ఈ పదార్థం, ఈ వాయిద్యం దాదాపు ఒకే కాలంలో పుట్టాయి.

వెలుతురు, గాలి, తేమ తగిలినప్పుడు పైపొరలోని గంధకం ఆక్సీకరణ చెందుతుంది. నలుపు పోయి గోధుమ రంగు, ఆకుపచ్చ వస్తాయి. నోట్లో పెట్టుకుంటే చేదుగా ఉండేది కూడా అందుకే. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, అగ్గిపుల్ల గీసినట్టు గంధకం వాసన వస్తే ఎబొనైట్. ప్లాస్టిక్‌కు ఆ వాసన రాదు. బేకలైట్ అయితే రుద్దినప్పుడు ఫినాయిల్ లాంటి వాసన వస్తుంది. కొందరు సూది కాల్చి గుచ్చి చూస్తారు. దయచేసి అది వద్దు, ఆ మచ్చ మళ్లీ పోదు.

ఒక హెచ్చరిక. రంగును బట్టి వయసు లెక్కకట్టకండి. పెట్టెలో చీకట్లో ఉన్నది ఎనభై ఏళ్లయినా నల్లగా ఉండొచ్చు. మన అనంతపురం ఎండలో కిటికీ పక్కన పెట్టినది కొద్ది ఏళ్లకే పచ్చబడుతుంది.

కడప_ఆల్టో
మేడం, రుద్ది చూశాను. ఆకుపచ్చదానికి, గుర్రపు నాడాదానికి గంధకం వాసన స్పష్టంగా వచ్చింది. తెల్లదానికి ఏమీ లేదు. ఇంకో సంగతి, అదే సంచిలో ఉన్న వెండి పూత లిగేచర్ (రీడ్‌ను బిగించే పట్టీ) బొగ్గులా నల్లబడి ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

అనంతపురం_కెమిస్ట్రీ
ఉంది. ఎబొనైట్ నుంచి వచ్చే గంధకం వెండిని నల్లగా చేస్తుంది. ఇకనుంచి విడివిడిగా పెట్టండి. సంచిలో ఎబొనైట్ చాలాకాలంగా ఉందనడానికి అది ఒక సాక్ష్యం కూడా.

కర్నూలు_రిపేరు
కార్క్ ఉన్నదాని సంగతి ఒక్క మాటలో తేల్చేద్దాం. సాక్సు మౌత్‌పీస్‌కు కార్క్ ఉండదు. కార్క్ నెక్ (సాక్సు పైన ఉండే వంపు గొట్టం) మీద ఉంటుంది, మౌత్‌పీస్ దాని మీదికి తొడుక్కుంటుంది. క్లారినెట్ కుటుంబంలో మాత్రం మౌత్‌పీస్ చివరే కార్క్ చుట్టుకొని లోపలికి దూరుతుంది. నీ ఫోటోలో పొడవు, వెడల్పు చూస్తే అది బేస్ క్లారినెట్‌ది. పక్కన పెట్టు.

మిగతా నాలుగింటికి కొలతలు ఇట్లా తియ్యి. డిజిటల్ వెర్నియర్ ఒకటి సంపాదించు. అద్దాల షాపులో ఒక మందపాటి గాజు ముక్క అడుగు. మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గర ట్యాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజి ఉంటుంది, అది ఒక గంట అప్పు అడుగు. మౌత్‌పీస్ టేబుల్‌ను గాజు మీద ఆనించి పట్టుకుంటే మూతి చివరకు, గాజుకు మధ్య సందు కనిపిస్తుంది. గేజి రేకులు పేర్చి ఆ సందులో సరిగ్గా పట్టేదాకా చూడు. అదే టిప్ ఓపెనింగ్.

తర్వాత అన్నింటికంటే పల్చటి రేకు, 0.0015 అంగుళం ఉన్నది, పక్క అంచుల కింద నెమ్మదిగా జరుపు. ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టు. ఎడమ వైపు, కుడి వైపు ఒకే చోట ఆగాలి. ఒకవైపు ముందే ఆగితే ఎవరో చేత్తో రుద్ది ఉండొచ్చని అర్థం. ఈ పనికే ఎరిక్ బ్రాండ్ పేరుతో గీతలున్న గాజు గేజి దొరుకుతుంది. మనకు కింద గ్రాఫ్ పేపర్ పెట్టుకున్నా చాలు.

గుంతకల్లు_టెనర్
రైల్వేలో రిటైరైనవాణ్ణి. గుంతకల్లు రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో డాన్సు ప్రోగ్రాములకు టెనర్ (ఆల్టో కంటే పెద్ద సాక్సు) వాయించేవాణ్ణి. ఆ లావుపాటి ఆకుపచ్చ మౌత్‌పీస్ ఫోటో చూడగానే నాకు ఒక అనుమానం వచ్చింది. బాబూ, నీ ఆల్టోకు అది పెట్టి చూశావా? ఆల్టో రీడ్ పెడితే ఎలా ఉంది? టెనర్ రీడ్ పెడితే ఎలా ఉంది?

కడప_ఆల్టో
సార్, చూశాను. ఆల్టో రీడ్ పెడితే రెండు పక్కలా అంచులు సన్నగా బయటపడుతున్నాయి. టెనర్ రీడ్ పెడితే రీడే కొంచెం బయటికి వస్తోంది. నా ఆల్టో మీద కార్క్ మొత్తం మూసుకునేదాకా తోసినా శ్రుతి తక్కువగానే ఉంది, పై స్థాయికి వెళ్లేకొద్దీ ఇంకా తేడా వస్తోంది. టిప్ ఓపెనింగ్ 1.35 మి.మీ. వచ్చింది. పల్చటి రేకు రెండు వైపులా ఒకే చోట ఆగింది.

గుంతకల్లు_టెనర్
అనుకున్నదే. అది సి మెలొడీ సాక్సు మౌత్‌పీస్ అని నా అభిప్రాయం.

ఇప్పటి పిల్లలు ఆ వాయిద్యం పేరు కూడా విని ఉండరు. ఆల్టో ఇ ఫ్లాట్, టెనర్ బి ఫ్లాట్. రెండింటికీ మధ్య సైజులో సి శ్రుతిలో ఒక సాక్సు ఉండేది. పియానో నోటేషన్ ముందు పెట్టుకుని, స్వరం మార్చి లెక్కకట్టుకోకుండా నేరుగా వాయించొచ్చు. 1920లలో అమెరికాలో ఇంట్లో సరదాగా వాయించుకునేవాళ్లు వీటిని విపరీతంగా కొన్నారు. కాన్, బ్యూషర్ కంపెనీలు చాలా తయారుచేశాయి. 1929 తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చాక ఆ మోజు పడిపోయింది.

రీడ్ విషయం అందుకే అడిగాను. ఆల్టో రీడ్ మూతి దగ్గర సుమారు 16 మి.మీ. వెడల్పు ఉంటుంది, టెనర్ రీడ్ 17.5కు దగ్గర. సి మెలొడీది రెండింటికీ మధ్యలో. లోపలి ఖాళీ ఆల్టో కంటే పెద్దది కాబట్టే నువ్వు ఎంత తోసినా శ్రుతి పైకి రావడం లేదు. పొట్ట లావుగా, చాంబర్ (లోపలి ఖాళీ) విశాలంగా, టిప్ ఇంత సన్నగా ఉండటం ఆ కాలం పద్ధతి. ఇప్పటి ఆల్టో మౌత్‌పీస్‌ల టిప్ ఎక్కువగా ఇంతకంటే వెడల్పుగానే ఉంటుంది. పెద్ద స్పీకర్ బాక్సుల్లేని చిన్న హాల్లో, మెత్తటి గుండ్రటి శబ్దం కావాలనుకున్న కాలంలో చేసినవి అవి.

ప్రొద్దుటూరు_క్లారినెట్
మేము గుడిలో, పెళ్లిళ్లలో డోలు పక్కన క్లారినెట్, సాక్సు వాయించే కుటుంబం. ఈ పాత పెద్ద చాంబర్ మౌత్‌పీస్‌ల మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం ఉంది. కద్రి గోపాల్‌నాథ్ గారు ఆల్టో మీద రాగాన్ని గమకాలతో సహా పలికించి చూపించాక మనవైపు కూడా పిల్లలు సాక్సు పట్టారు. 2004లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇంట్లో పండగే. అయితే ఇప్పుడు పిల్లలు కొనేవన్నీ గట్టిగా, పదునుగా మోగే మౌత్‌పీస్‌లే. ఊరేగింపులో డప్పుల మధ్య వినపడాలంటే అవి కావాలి, నిజమే. తోడిలో గాంధారం మీద జారాలంటే మాత్రం పెద్ద చాంబర్ ఉన్నది పెదవి చెప్పినట్టు వింటుంది. అబ్బీ, ఆ ఆకుపచ్చదాన్ని చౌకగా వదలొద్దు. పేరు లేకపోయినా అది పనికొచ్చే వస్తువు.

కర్నూలు_రిపేరు
గుంతకల్లు సారు చెప్పిన దానితో ఏకీభవిస్తాను. ఇంకో చిన్న సాక్ష్యం కూడా ఉంది. తమ్ముడు పెట్టిన మూడో ఫోటోలో షాంక్ (నెక్ మీదికి తొడిగే గొట్టం భాగం) లోపల గుండ్రటి గీతలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. అవి లేత్ మీద తొలిచిన పనిముట్టు గీతలు. అచ్చులో పోసి తీసినదానికి నిలువుగా అతుకు గీత కనిపిస్తుంది. ఇది కాన్ దా, బ్యూషర్ దా అంటే మాత్రం నేను చెప్పను. ఆ రోజుల్లో వాయిద్యాల కంపెనీలు చాలావరకు మౌత్‌పీస్‌లు బయట చేయించుకునేవి. అమెరికాలో ఎల్క్‌హార్ట్ ఊళ్లో బాబిట్ కంపెనీ 1919 నుంచి ఇదే పని చేస్తోంది. ఒకే అచ్చు, ఒకే ఆకారం, దాని మీద ఎవరి ఆర్డర్ అయితే వాళ్ల పేరు. పేరు కొట్టకుండా వదిలినవి కూడా ఉంటాయి. కాబట్టి ఆకారం చూసి కంపెనీ పేరు చెప్పేవాళ్లను నేను నమ్మను.

నంద్యాల_బ్యాండు
సరే అన్నా, ఎమరీ మాట వెనక్కి తీసుకున్నాం. మరి ఆ గుర్రపు నాడా కంత ఉన్నది సెల్మర్ (ఫ్రాన్సు సాక్సు కంపెనీ) కదా? సెల్మర్ సోలోయిస్ట్‌కు అట్లనే ఉంటుందని మా మాస్టారు చెప్పేవారు. కొనేవాడు కూడా సెల్మర్ అనే అడుగుతున్నాడేమో.

కర్నూలు_రిపేరు
మీ మాస్టారు చెప్పింది నిజమే. సోలోయిస్ట్‌కు కంత పైన గుండ్రంగా, కింద చదునుగా నాడా ఆకారంలో ఉంటుంది. తర్వాత వచ్చిన సెల్మర్ ఎస్-80కి చతురస్రంగా ఉంటుంది. మేయర్ అనే మరో కంపెనీ రకానివి గుండ్రంగా ఉంటాయి. కంత చూసి "ఏది కాదు" అని చెప్పొచ్చు. "ఏది అవును" అని చెప్పాలంటే కంత ఒక్కటే చాలదు, ఎందుకంటే నాడా ఆకారాన్ని తర్వాత చాలామంది అనుకరించారు.

సెల్మర్ వాళ్లు సాధారణంగా ఫేసింగ్ (టేబుల్ నుంచి మూతి దాకా అంచుల వంపు) గుర్తు, సి స్టార్, డి లాంటిది, ఒంటి మీద కొట్టేవారు. పైన కంపెనీ ముద్ర, అక్షరాలు ఉండేవి. అవన్నీ ఒకేసారి పూర్తిగా చెరిగిపోవడం అరుదు, ఏదో ఒక గీత మిగులుతుంది. తమ్ముడూ, రాత్రి గదిలో లైట్లు ఆపి, ఫోన్ టార్చ్‌ను మౌత్‌పీస్‌కు ఆనించినంత వారగా పట్టి, నెమ్మదిగా తిప్పుతూ చూడు. ఎదురుగా లైటు వేస్తే ఏమీ కనపడదు. లోహపుదానికి కూడా అదే చెయ్యి. తర్వాత పల్చటి కాగితం చుట్టి పెన్సిల్ పక్కగా రుద్దు. కంటికి ఆనని గుంటలు కాగితం మీద తేలతాయి.

కడప_ఆల్టో
నిన్న రాత్రి కూర్చుని చేశాను. నాడా కంతదాని మీద ఒక్క గీత కూడా కనపడలేదు. షాంక్ చుట్టూ రెండు సన్నని వలయాలు మాత్రం ఉన్నాయి. లోపల నిలువుగా సన్నని అతుకు గీత ఉంది. టిప్ 1.82 మి.మీ., కానీ పల్చటి రేకు ఎడమ వైపు కంటే కుడి వైపు ముందే ఆగుతోంది.

లోహపుదాని సంగతి వినండి! వారగా టార్చ్ పెడితే ఒక పక్క ఏవో అంకెలు నీడలా కనిపించాయి. కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే 110 అని, పక్కన ఏటవాలు గీత, తర్వాత 2 వచ్చాయి. ఆ తర్వాతి అక్షరాలు సరిగా రాలేదు. పెద్దమ్మను అడిగితే, పెద్దనాన్న దాన్ని ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల దగ్గర పాలిష్ పట్టించేవారట, పెళ్లిలో తళతళలాడాలని. ఫోటో పెట్టాను.

గుంతకల్లు_టెనర్
110, గీత, 2! బాబూ, అది బెర్గ్ లార్సెన్ రాసే పద్ధతి. ఇంగ్లండు కంపెనీ. మొదటి అంకె టిప్ ఓపెనింగ్, అంగుళంలో వెయ్యో వంతుల్లో. రెండో అంకె చాంబర్. సున్నా అయితే లోపలి బాఫుల్ (మూతి వెనక, రీడ్‌కు ఎదురుగా ఉండే వాలు) బాగా ఎత్తు, శబ్దం పదునుగా వస్తుంది. మూడు అయితే బాగా దిగువ, శబ్దం ముదురుగా వస్తుంది. రెండు అంటే ముదురు వైపు మొగ్గినది. ఆ తర్వాత ఉండాల్సినది ఫేసింగ్ అక్షరాలు, అవే పాలిష్ చక్రం కింద పోయాయి. ఇప్పుడు టిప్ కొలిచి చెప్పు, నాకు నిద్ర పట్టేట్టు లేదు.

కడప_ఆల్టో
2.80 మి.మీ. సార్. మళ్లీ కొలిస్తే 2.79. రేకు రెండు వైపులా ఒకే చోట ఆగుతోంది.

కర్నూలు_రిపేరు
110 వెయ్యో వంతులు అంటే 2.794 మి.మీ. అంకె, కొలత సరిపోయాయి. అంటే పాలిష్ పట్టినవాళ్లు ఒంటిని మాత్రమే మెరిపించారు, మూతి అంచుల జోలికి పోలేదు. ఫేసింగ్ ఎవరూ మార్చలేదని కూడా దీంతో తేలింది. నేను ఈ పనిలో చూసిన మంచి గుర్తింపుల్లో ఇది ఒకటి. ఎవరి ఊహా లేదు, వస్తువు మీద ఉన్న అంకెకు చేతిలోని గేజి సాక్ష్యం చెప్పింది.

నాడా కంతదానికి వస్తే, అచ్చులో పోసినది, ఆల్టో, ఎబొనైట్, సోలోయిస్ట్ తరహా కంత, తయారీదారు తెలియదు. కుడి అంచు ముందే ఆగుతోంది కాబట్టి ఎవరో చేత్తో సవరించి ఉండొచ్చు. కీచుమనే శబ్దం వస్తోందా?

కడప_ఆల్టో
అవునన్నా, మధ్య స్థాయిలో ఊరికే కీచుమంటోంది. రీడ్ మార్చినా అంతే.

కర్నూలు_రిపేరు
రెండు అంచులూ సమానంగా లేకపోతే అదే జరుగుతుంది. కర్నూలు వైపు వచ్చినప్పుడు తీసుకురా, గాజు మీద పెట్టి సరిచేద్దాం. దాని మీద పేరే లేదు కాబట్టి సవరించినా చరిత్ర పోదు. ఆకుపచ్చదాన్ని, బెర్గ్‌ను మాత్రం ఎవరు అడిగినా సవరించనివ్వొద్దు.

నంద్యాల_బ్యాండు
తెల్లది బ్రిల్హార్ట్ అనే అమెరికా కంపెనీది కాదా? పైన పళ్లు ఆనే చోట వేరే రంగు ముక్క పొదిగి ఉంది.

గుంతకల్లు_టెనర్
బ్రిల్హార్ట్ వాళ్ల టోనలిన్ తెల్లగానే ఉండేది, నల్లటి ఎబొలిన్‌కు తెల్ల ముక్క పొదిగేవారు, నిజమే. కానీ పాతవాటికి షాంక్ మీద సీరియల్ నంబరు ఉంటుంది, పేరు చేతిరాతలా చెక్కి ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు. తెల్ల ప్లాస్టిక్‌కు ముక్క పొదగడం ఎందరో చేశారు. పేరు తెలియని ప్లాస్టిక్ అనుకుందాం.

ప్రొద్దుటూరు_క్లారినెట్
మీరట్ నుంచి మన బ్యాండ్లకు వచ్చే సాక్సులతో పాటు వచ్చే మౌత్‌పీస్‌లకు కూడా చాలాసార్లు పేరు ఉండదు. జలీ కోఠీ వీధంతా ఆ పనే కదా, నాదిర్ అలీ కంపెనీ 1885 నుంచి ఉంది. విదేశీ పేర్ల కోసం వెతికేటప్పుడు మన దేశంలో చేసినవాటిని లెక్కలోంచి తీసేయడం నాకు బాధగా ఉంటుంది. తెల్లది కానీ, నాడా కంతది కానీ అటువైపుది అయినా తప్పేం లేదు. మా నాన్న అలాంటి పేరు లేని మౌత్‌పీస్‌తోనే జీవితమంతా వాయించారు.

నంద్యాల_బ్యాండు
మరి అమ్మకం సంగతి? కొనేవాడు "అన్నీ పాత లోకల్ సరుకు" అని ఒక ధర, "సెల్మర్ అని రాసిస్తే" ఇంకో ధర చెబుతాడు. వీళ్లను నేను చూశాను.

కర్నూలు_రిపేరు
రాసివ్వొద్దు. తెలియని పేరు రాసిస్తే ఆ అబద్ధం వస్తువుతో పాటు ఊరూరూ తిరుగుతుంది. రేపు ఇంకొకడు అప్పు చేసి కొంటాడు. తమ్ముడూ, ఒక్కొక్కదానికి ఒక చీటీ రాసి వేరే వేరే గుడ్డ సంచుల్లో పెట్టు. ఏ వాయిద్యం, ఏ పదార్థం, టిప్ ఎంత, కంత ఆకారం, మీద కనిపించిన గుర్తు, ఎవరి దగ్గరి నుంచి వచ్చింది. బెర్గ్‌కు "బెర్గ్ లార్సెన్, 110/2, టెనర్, ఒంటికి పాలిష్ పట్టించినది" అని రాయి. ఏ సంవత్సరందో రాయకు, దానికి ఆధారం మన దగ్గర లేదు. ఆకుపచ్చదానికి "సి మెలొడీ, లేత్ పని, 1920ల తరహా, పేరు లేదు." అంతే. కొనేవాడికి ఈ చీటీలు చూపించు. నిజంగా కావాల్సినవాడైతే విడివిడిగా అడుగుతాడు.

కడప_ఆల్టో
చీటీలు రాసేశాను. ఆయనకు ఫోన్ చేసి కలిపి అమ్మడం లేదని చెప్పాను. బేస్ క్లారినెట్‌ది, తెల్లది ఎవరికైనా కావాలంటే ఇక్కడే చెప్పండి, పోస్టు ఖర్చు ఇస్తే చాలు. బెర్గ్ నేను టెనర్ కొనేదాకా ఉంచుకుంటాను. ఆకుపచ్చదాన్ని వాయించగలిగేవాళ్లకే ఇవ్వాలని ఉంది. ప్రొద్దుటూరు అన్నా, మీ దగ్గర సి మెలొడీ ఉందా?

ప్రొద్దుటూరు_క్లారినెట్
సాక్సు లేదు అబ్బీ. గుంతకల్లు సారు అడిగితే ఆయనకు తెలిసిన ఇళ్లల్లో ఒకటి దొరకొచ్చు.

గుంతకల్లు_టెనర్
ఒక ఇంట్లో అటక మీద ఉండాలి. వచ్చే వారం వెళ్లి అడుగుతాను. నెక్ కార్క్ కొలత కూడా తీసుకొస్తాను, షాంక్ లోపలి వ్యాసం ఎంతో ఈలోగా పెట్టు బాబూ.